మొదటి పన్నెండడుగులు

ఎరువుల అంగడాయప్ప ఊరకే ఇచ్చిన డైరీ,
రెండేండ్ల కిందటిది.
తేదీ ఒకటంటే వారం ఇంకోటి,
రాహుకాలాన్ని కూడా నమ్మేటట్టు లేదు.

పై అంచున శ్రీ రాసినాను.
శ్రీ కింద గీత గీసినాను.
గీత వంకర పోయిందని దాని కింద ఇంకో గీత.
అరగంట అయిపోయింది.

అనంతపురం పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది:
"నిద్ర పట్టకపోతే రాయి, హనుమప్పా.
ఏమి తోస్తే అది. ఒక్క పేజీ."
రాయి అంటే నాకు తెలిసింది ఒకటే రాయి,
ఆరున్నర అంగుళాల బిట్టుతో
పదహారేండ్లుగా తొలుస్తున్న రాయి.

రిగ్గు బండి రిజిస్టరు రాసేది నేనే.
అక్కడ ఎన్నడూ కలం ఆగలేదు.
సున్నా నుంచి పన్నెండు: ఎర్రమన్ను.
పన్నెండు నుంచి నలభై: గరుసు.
నలభై నుంచి నల్లబండ, డిట్టో, డిట్టో.
నీళ్ళు: లేవు.
ఆ రెండక్షరాలు ఎన్ని ఊర్లలో రాసినానో,
కూడేరు, బెళుగుప్ప, రాయదుర్గం దిక్కు పల్లెలు,
ఒక్కసారీ చెయ్యి వణకలేదు.

ఈ తెల్లకాగితం ముందర వణుకుతాంది.

పాయింటు చూసే పెద్దాయన
అరచేతిలో టెంకాయ పండబెట్టుకొని చేనంతా నడుస్తాడు.
నీళ్ళున్న తావున అది లేచి నిలబడుతుందంట.
నేనూ పెన్ను అరచేతిలో పండబెట్టుకొని
వంటింటి నుంచి వాకిలి దాకా నడిచినాను.
లేవలేదు.
"ఏమి పోగొట్టుకుంటివి?" అనింది గంగరత్న, మంచం మీద నుంచే.
ఏమీ లేదులే, పండుకో.

మళ్ళీ కూచున్నాను.
కాగితం మీద చెయ్యి ఆనించి చూసినాను.
ఎండాకాలం చేను మాదిరి,
ఎక్కడ పొడిచినా ఒకటే అనిపిస్తుంది.
అయితే చేనును నేను ఎన్నడు చూస్తా కూచున్నాను?
బండి నిలబెట్టి, మట్టం చూసి,
ఇంజను వేయడమే.
మొదట దుమ్మే లేస్తుంది.
ఎంత అదృష్టవంతుని బోరులోనైనా
మొదట దుమ్మే.

సరే, రిజిస్టరు మాదిరే రాద్దాం.

సున్నా నుంచి పన్నెండు:
పొద్దున టీ చల్లారిపోయింది. డీజిలు ధర. ఎడమ చెవిలో హోరు.
పన్నెండు నుంచి నలభై:
పిల్లోనికి బూట్లు చిన్నవైనాయి. వాడు చెప్పలేదు,
మడమ మీద పొక్కు చూస్తే తెలిసింది.
నలభై నుంచి

బండ తగిలింది.
బండ తగిలితే బిట్టు పైకి తీయరు,
ఒత్తిడి పెంచుతారు.

నలభై నుంచి:
మొన్న, శెట్టూరు పక్కన. ఆరునూర్ల ఎనభై అడుగులు.
నీళ్ళు లేవని రాసినాను.
ఇంకో యాభై పోదాం అన్నాడు లింగన్న,
జేబు తడుముకొని, వద్దులే అన్నాడు.
వాళ్ళింటామె సుంకమ్మ
మా తలల మీద పిండి మాదిరి దుమ్ము చూసి నవ్వింది.
చేతులు కడుక్కోను నీళ్ళిచ్చింది, చెంబుతో, కొలిచి.
ఐదు మందికీ సంగటి పెట్టింది.
ఉడికిన శెనక్కాయలు తువాలలో మూట కట్టిచ్చింది.
ఎండుబోరు వేసినోళ్ళకు.
పోయొస్తామమ్మా అని కూడా నేను అనలేదు.
అడుగుకు ఇంతని లెక్క కట్టి దుడ్లు తీసుకున్నాను.
ఒకసారి కాదు,
ఆమె చూస్తుండగానే రెండుసార్లు ఎంచినాను.

ఇక్కడ సిరా అలికింది.

పైకొచ్చే దుమ్ము ముద్ద కట్టిందంటే
రిగ్గు కాడ అందరం అరుస్తాం.
నేను అరవలేదు. గంగరత్న నిద్రలో ఉంది.

పేజీ చాల్లేదు.
రాత పక్క పేజీలోకి,
రెండేండ్ల కిందటి మరుసటి రోజులోకి పోయింది.
తెల్లారితే ఇంకో ఊర్లో పాయింటు.
అడుగున
నీళ్ళు: అని రాసి
ఎదురుగా ఖాళీ విడిచిపెట్టినాను.